ఘాటు దిగేలోపల

సుమలత మొగుడి లారీ ఎక్కింది అదే మొదటిసారి. పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఆ క్యాబిన్ ఎత్తు ఎంతో ఆమెకు తెలియదు. ఓబులేసుకు ఒంట్లో చక్కెర ఉందని తేలకపోయుంటే ఎప్పటికీ తెలిసేది కాదేమో.

ఆళ్లగడ్డ డ్రైవర్లలో ఓబులేసుకు పేరుంది. ఇక్కడ చెక్కిన రాతి స్తంభాలను ఒరిస్సా గుళ్లకు చేర్చడం, తిరుగు దారిలో ఏదో ఒక లోడు పట్టుకుని రావడం ఆయన పని. అంత దూరం ఒక్కడే తోలుతాడు. రెండో డ్రైవరును పెడతానని ఓనరు శ్రీనివాసులు ఎన్నిసార్లు అడిగినా వినలేదు. "ఇంగొకడు స్టీరింగు పట్టుకుంటే నాకు నిద్ర రాదన్నా" అనేవాడు. నిజానికి అది నిద్ర గురించిన మాట కాదని సుమలతకు తెలుసు. నా బండి నేనే తోలుతానన్న పట్టుదల అది.

నంద్యాల ఆసుపత్రిలో మొదట ఒక మాత్ర ఇచ్చారు. తగ్గలేదని ఈ ట్రిప్పుకు ముందు దాన్ని పెంచారు. డాక్టరు గది బయట లూదియా అనే నర్సు సుమలతను కూర్చోబెట్టి అంతా వివరంగా చెప్పింది. "చక్కెర పెరిగేదొక్కటే కాదక్కా, పడిపోయేది కూడా ఉంటాది. చెమటలు పడతాయి, వణుకొస్తాది, మాట తేడా అయితాది. అప్పుడు నోట్లో ఏదో ఒక తీపి వేయాల. అస్సలు లేటు చేయకూడదు." సుమలత తలూపింది. తగ్గడానికే కదా ఇన్ని మాత్రలు, పడిపోతే మంచిదే కదా అనుకుంది. ఆ మాట ఆమె మనసులో నిలవలేదు. తీపి మానాలి, వేళకు మాత్ర వేయాలి అన్నవి మాత్రం గట్టిగా పట్టుకుంది.

"మామా, ఈ ట్రిప్పుకు నేనూ వస్తా" అంది ఇంటికి రాగానే. ఆమె ఓబులేసుకు అక్క కూతురు. పుట్టినప్పటి నుంచీ మామా అనే పిలుపు.

"లారీలో ఆడమనిషికి యాడ కుదురుతాదే? స్నానం యాడ? ఇంగోటి యాడ?"

"నీకు యాడ కుదిరితే నాకూ ఆడే."

బయల్దేరే ముందు లారీ పక్కన ఉండే వంటపెట్టె తెరిచి చూసింది. బియ్యం, బ్యాళ్లు, కారం, గ్యాసు పొయ్యి, ఒక డబ్బా నిండా చక్కెర. ఆ డబ్బాను తీసుకుపోయి ఇంట్లో అటక మీద పెట్టింది. సీటు కింద దొరికిన బిస్కెట్లను పక్కింటి పిల్లలకు ఇచ్చేసింది. ఓబులేసు చూస్తూ నిలబడ్డాడు.

దారిలో ఆమెకు ఎదురైన కష్టం ఎండ కాదు, కుదుపులు కాదు. హోటళ్ల దగ్గర మగవాళ్లు ఎక్కడ పడితే అక్కడ పోతారు. ఆడదానికి చోటుండదు. సిగ్గుపడి మొదటిరోజంతా నీళ్లు తాగకుండా కూర్చుంది. సాయంత్రానికి పొత్తికడుపు పట్టుకుని వంకర్లు పోతుంటే ఓబులేసుకు అర్థమైంది. "నాతో చెప్పేదానికేమే? ఎప్పుడైనా సరే, దిగాల అను. చాలు" అన్నాడు. ఆ తర్వాత ఆమె "మామా, దిగాల" అంటే మారు మాట ఉండేది కాదు. ఎంత తొందరలో ఉన్నా, ఓనరు ఫోన్లో తిడుతున్నా, చెట్టో గట్టో చూసి బండి ఆపేవాడు. తాను దిగి రోడ్డు వైపు తిరిగి నిలబడేవాడు. ఇరవై ఏళ్లలో మొగుడు తనను అంత కనిపెట్టుకుని ఉండటం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఒరిస్సాలో రాళ్లు దించి, కాకినాడలో నంద్యాలకు ఎరువుల మూటలు ఎత్తుకుని తిరుగుదారి పట్టారు. ఆ పొద్దున గిద్దలూరు దాటి దిగువమెట్ట దగ్గర ఆగారు. ముందున్నది నల్లమల ఘాటు రోడ్డు. అది దాటితే పచ్చర్ల, గాజులపల్లె, ఆపైన నంద్యాల.

మొహాలు కడుక్కున్నాక సుమలత పొయ్యి తీయబోయింది.

"వద్దులే. ఎండ ముదరకముందే ఘాటు దిగేద్దాం. గాజులపల్లెలో వేడివేడిగా తిందాం" అన్నాడు ఓబులేసు.

"మాత్ర తిండికి ముందు కదా. ఇప్పుడే వేసుకో. ఆడికి పోయేసరికి సరిపోతాది."

తన చేత్తోనే మాత్ర ఇచ్చి నీళ్లు తాగించింది.

ఘాటు ఎక్కుతుండగానే బండ్లు నిలిచిపోయాయి. పైన మలుపులో ఒక కంటైనరు అడ్డం తిరిగిందట. అటు వాళ్లు ఇటు రాలేరు, ఇటు వాళ్లు అటు పోలేరు. ఇంజను ఆపితే ముందు బండి కదులుతుంది, కదిలితే నాలుగడుగులే. కోతులు రోడ్డు పక్క పిట్టగోడ మీద వరసగా కూర్చుని చూస్తున్నాయి. సుమలత పొయ్యి వెలిగిస్తానంటే "ఎప్పుడు కదుల్తాదో తెలీదు, సామాను పరచొద్దు" అన్నాడు. బిస్కెట్లు, మురుకులు అమ్మే మనిషి ఒకడు బండ్ల మధ్య వచ్చాడు. ఓబులేసు కిటికీలోంచి చెయ్యి చాపాడు.

"ఆ బిస్కెట్లలో ఉండేదంతా చక్కెరే" అని సుమలత ఆ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "కాసేపు ఓర్చుకో మామా."

ఆయన నవ్వి ఓర్చుకున్నాడు.

కంటైనరు తీసి దారి వదిలేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. పైదాకా ఎక్కి, బండి అటువైపు దిగడం మొదలుపెట్టింది. ఎక్కేటప్పుడే ఓబులేసు ఆమెకు చెప్పాడు, దిగేటప్పుడు చిన్న గేరులోనే దిగాలని, గేరు తీస్తే లోడు బండిని తోసేస్తుందని. బండి దొర్లుతుండగా హ్యాండ్ బ్రేకు మీద చెయ్యి వేయకూడదని కూడా చెప్పాడు. వేస్తే వెనక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరుగుతుందట.

మొదటి మలుపు దగ్గర సుమలత మొగుడి వైపు చూసింది. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చెంపల మీదుగా చెమట కారుతోంది. చెట్ల నీడలో చల్లగాలి కొడుతుంటే ఈ చెమటేంటి?

"ఏం మామా, ఉక్కగా ఉండాదా?"

ఆయన, "విజయవాడ దాటినామా?" అన్నాడు.

ఆటపట్టిస్తున్నాడనుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. స్టీరింగు మీద వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. బండి నెమ్మదిగా లోయ వైపుకు జరిగింది. పక్కగోడ ఆమె కిటికీకి చేతికందేంత దగ్గరగా వచ్చింది. "మామా!" అని అరిచింది. ఉలిక్కిపడ్డట్టు స్టీరింగు తిప్పాడు. బండి ఊగి మళ్లీ రోడ్డు మీదికొచ్చింది.

"ఈ బండి ఎవరిదే?" అన్నాడు ఓబులేసు.

సుమలత ఆయన కళ్లలోకి చూసింది. ఆ కళ్లు రోడ్డు మీదే ఉన్నాయి గానీ దేన్నీ చూస్తున్నట్టు లేవు. చెమటలు. వణుకు. మాట తేడా. నర్సు లూదియా గొంతు ఇప్పుడు చెవిలో వినపడింది. తిండి లేకుండా మాత్ర మింగించింది ఎవరు? తానే. బిస్కెట్టు వైపు చాపిన చెయ్యిని వెనక్కి లాగింది ఎవరు?

ఏడ్వడానికి కూడా వ్యవధి లేదు. తర్వాతి మలుపులో ఎదురుగా ఆర్టీసీ బస్సు వచ్చింది. ఓబులేసు ఎదురు బండ్లు వచ్చే వైపుకు పోయి మలుపు తిప్పాడు. బస్సు డ్రైవరు గోడకు ఆనించి కీచుమని ఆపాడు. బస్సు పక్కనుంచి పోతుంటే కిటికీల్లోని మొహాలన్నీ ఆమెకు కనిపించాయి. నోళ్లు తెరిచి ఏదో అరుస్తున్నారు.

"నిలుపు మామా! బండి నిలుపు!"

"నాకు నేర్పిస్తాండావా? నాకు?" ఓబులేసు కసిరాడు. ఆ గొంతు ఆయనది కాదు. ఆ కోపంలోనే గేరు కడ్డీని పట్టుకుని ఒక్క పెరుకు పెరికాడు. ఇంజను మోత తగ్గింది. బండి వేగం పెరిగింది. గేరు తీసేశాడు!

మూటల బరువంతా వెనకనుంచి తోస్తోంది. బ్రేకు మీద కాలు వేస్తున్నాడు, తీస్తున్నాడు. ఏదో కాలిన వాసన వచ్చింది. ముందు ఇంకో మలుపు, దాని అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. ఆమె చెయ్యి హ్యాండ్ బ్రేకు దాకా పోయి ఆగింది. వేస్తే అడ్డం తిరుగుతుంది. వేయకపోతే? అరిస్తే మొండికేస్తున్నాడు. బతిమాలితే వినే స్థితి లేదు. మనిషి లోపల లేడు. ఇంక ఎవరితో మాట్లాడాలి?

ఎలా తట్టిందో ఆమెకు ఆ తర్వాత కూడా తెలియలేదు. గొంతు తగ్గించింది. దారి పొడుగునా రోజూ అన్నట్టే, కాస్త సిగ్గుగా, కాస్త తొందరగా అంది.

"మామా, దిగాల."

ఓబులేసు తల కొంచెం ఇటు తిరిగింది.

"దిగాల మామా. బేగా."

ఆయన కాలు బ్రేకు మీద గట్టిగా పడింది. ఈసారి తీయలేదు. ఎడమ అద్దంలో చూశాడు. చెట్టో గట్టో వెతికే చూపే అది. బండి బరువుగా మూలుగుతూ నెమ్మదించి, గోడ పక్కకు ఒరిగి, మలుపుకు ఇవతలే నిలబడింది. ఆయన చెయ్యి దానంతటదే హ్యాండ్ బ్రేకు వేసింది. బుస్సుమని గాలి వదిలింది.

"పో. బేగా రా" అన్నాడు. తర్వాత తల స్టీరింగు మీద వాలిపోయింది.

సుమలత తాళం తిప్పి లాగేసింది. దూకింది. గోడ పక్కనున్న రెండు రాళ్లు మోసుకొచ్చి చక్రాల కింద తోసింది. వంటపెట్టె తెరిచి చేతికందినవన్నీ కింద పడేసింది. బియ్యం, బ్యాళ్లు, ఉప్పు, కారం. తీపి లేదు. లేదని ఆమెకు తెలుసు, అయినా వెతికింది.

వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. సరిగ్గా వెనకున్న లారీ నుంచి ఒక డ్రైవరు పరిగెత్తుకొచ్చి తలుపు పట్టుకుని ఎక్కాడు. గణేశ్ అని, వెలుగోడు మనిషి.

"ఏమప్పా, పొద్దున్నే తాగినావా? సంపుతావా అందర్నీ?"

"తాగలేదన్నా. చక్కెర పడిపోయింది. మాత్ర వేసుకుని ఏం తినలే. తీపి కావాలన్నా, ఏదైనా తీపి!"

గణేశ్ ఓబులేసు నోటి దగ్గర వాసన చూశాడు. మొహం మారిపోయింది. కిందికి వంగి వెనక బండ్ల వైపు అరిచాడు. "ఎవరి దగ్గరన్నా చక్కెర ఉండాదా? బెల్లం? చాక్లెట్టు?" జాములో గంటలకొద్దీ నిలబడ్డ బండ్లవి. పిల్లలున్న వాళ్లు ఉన్నదంతా ఎప్పుడో తినేశారు.

"కింది మలుపులో తేనె అమ్మే ఆమె ఉంటాది" అన్నాడు గణేశ్. "నేను పోతా."

"నువ్వు ఈయన్ను పట్టుకో. కింద పడనీయద్దు." సుమలత అప్పటికే పరిగెత్తుతోంది.

చెప్పులు ఎక్కడ జారిపోయాయో చూసుకోలేదు. తారు కాళ్లను కాలుస్తోంది. మలుపు తిరిగితే, చెట్టు కింద గోనెపట్టా మీద సీసాలు పెట్టుకుని ఒక చెంచు ముసలామె కూర్చుని ఉంది. అడవిలో పట్టిన తేనెను ఖాళీ సారా సీసాల్లో పోసి అమ్ముతుంది. పేరు సుంకమ్మ.

"ఏందీ పాపా, అట్ల ఉరుకుతాండావ్?"

"అవ్వా, తేనె. మా ఇంటాయన పోయేటట్టుండాడు."

సుంకమ్మ ఇంకో మాట అడగలేదు. ఒక సీసా ఆమె చేతిలో పెట్టి, తానూ లేచి వెనకే వచ్చింది.

తిరిగొచ్చేసరికి లారీ చుట్టూ జనం. ఓబులేసును గణేశ్ సీటుకు ఆనించి పట్టుకున్నాడు. కళ్లు సగం మూసుకుపోయాయి. పెదాలు ఏదో గొణుగుతున్నాయి. సుమలత ఎక్కి మూత తీసి సీసా వంచింది.

కింద నుంచి ఒక కారు కుర్రాడు ఫోను పైకెత్తాడు. "చూడండి, డ్రైవరుకు పెండ్లామే తాగిస్తాంది."

"తేనెరా అది!" సుంకమ్మ వాడి మీదికి పోయింది. "రా, నాకి సూడు!" జనంలో ఎవరో నవ్వారు. వాడు మాత్రం ఫోను దించలేదు.

సుమలతకు అవేవీ వినపడటం లేదు. నోట్లో పోస్తే పొలమారుతుందని భయం. వేలితో తేనె తీసి చెంప లోపల, చిగుళ్లకు రాసింది. ఓబులేసు తల విదిలించాడు. ఇంకోసారి పెడితే పళ్లు బిగించి వేలిని కొరికాడు. నొప్పి మోచేతి దాకా పాకింది. చెయ్యి తీయలేదు. రెండో చేత్తో గొంతు నిమురుతూ, "మింగు మామా, మింగు" అంటూనే ఉంది. వేలి నెత్తురూ తేనె కలిసి గడ్డం మీదుగా కారాయి.

ఒక గుటక దిగింది. ఇంకొకటి. వెనక హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఆమె రాస్తూనే ఉంది. సీసా సగం దాకా వచ్చింది. పళ్ల బిగువు సడలింది. వణుకు తగ్గింది. చెమట ఆగింది. ఓబులేసు కళ్లు తెరిచి ఆమెను చూశాడు. ఈసారి నిజంగా చూశాడు.

"సుమా, చేతికి నెత్తురేందే?"

ఆమె ఏడుపు అప్పుడు బయటపడింది.

కాసేపటికి ఆయన చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు. జనం, బండ్లు, నడిరోడ్డు మీద తన లారీ. "జామ్ చేసినామే. తాళం ఇయ్యి, పోదాం" అన్నాడు.

"ఇయ్యను."

"ఏందీ?"

"ఇయ్యను మామా. నువ్వు తోలకూడదు."

"ఇరవై ఏండ్లుగా తోలుతాండా ఈ రోడ్డు. అందరి ముందర పరువు తీస్తాండావ్."

"తీస్తా. తాళం కావాలంటే చెయ్యి విరిచి తీసుకో."

నెత్తురు కారుతున్న చేతిలోనే తాళం బిగించి పట్టుకుంది. ఓబులేసు ఆ చేతిని చూశాడు. గణేశ్ మెల్లగా అందుకున్నాడు. "అన్నా, మా బండిలో రెండో మనిషి ఉండాడు. వాడు మాది తెస్తాడు. నీది నేను దింపుతా. నువ్వు ఇట్లా జరుగు."

ఓబులేసు పక్క సీటుకు జరిగాడు. ఘాటు మొత్తం దిగేదాకా ఆయన చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

నంద్యాల ఆసుపత్రిలో లూదియా ఆయన వేలు పొడిచి చూసి, వెంటనే గ్లూకోజు పెట్టించింది. "ఈ మాత్ర ఒకసారి పట్టుకుంటే బేగా వదలదు. మళ్లీ పడిపోవచ్చు. ఈపొద్దు ఈడే ఉండాల" అని, సుమలత వేలికి తానే కట్టు కట్టింది. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేదని సుమలతకు అనిపించింది.

కారు కుర్రాడు తీసిన వీడియో వాళ్లకంటే ముందే ఆళ్లగడ్డ చేరింది. ఓనరు శ్రీనివాసులు ఫోను చేశాడు. "ఏమ్మా, ఓబులేసు తాగి తోలినాడంట? నువ్వే పోస్తాండావంట? అందరూ నాకే చూపిస్తాండారు."

"అది తేనె అన్నా. మనిషి ఆసుపత్రిలో ఉండాడు. నమ్మకపోతే వచ్చి సూసుకో."

శ్రీనివాసులు మధ్యాహ్నానికి వచ్చాడు. మంచం మీద మనిషిని, చేతికున్న సూదిని చూసి, బయట బెంచీ మీద కూర్చున్నాడు. గణేశ్ మూటలు దింపించి, బండి గోడౌను దగ్గర పెట్టి, తాళం తెచ్చిచ్చి వెళ్లిపోయాడు.

ఇద్దరే మిగిలాక ఓబులేసు అడిగాడు.

"సుమా, ఘాటు పైన కంటైనరు తీసింది తెలుసు. ఆపైన నోట్లో తేనె తెలుసు. మధ్యలో ఏం తెలీదు. బండి ఎవరు తోలినారు?"

"నువ్వే మామా."

"ఎన్ని మలుపులు?"

తేలికగా ఏదో చెప్పి దాటేద్దామనుకుంది. కానీ ఆ కళ్లు చూశాక అబద్ధం రాలేదు. గోడ దగ్గరికి పోయింది చెప్పింది. గేరు తీసింది చెప్పింది. బస్సు సంగతీ చెప్పింది.

"బస్సులో జనం ఉండ్రా?"

"కిటికీల నిండా."

ఓబులేసు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆమె ఆయన వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. "తిండి లేకుండా మాత్ర ఇచ్చింది నేనే మామా" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎవరిది తప్పు అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

కొంతసేపయ్యాక, "శ్రీనివాసులన్న బయటుండాడా? పిలువు" అన్నాడు.

ఓనరు లోపలికి వచ్చి నిలబడ్డాడు. ఓబులేసు లేచి కూర్చున్నాడు.

"అన్నా, బండికి వేరే మనిషిని సూడు. డాక్టరు తోలచ్చు అనేదాకా నేను స్టీరింగు ముట్టను. ఆ తర్వాత కూడా ఒంటరిగా తోలను."

"నువ్వేనా ఈ మాట అంటాండేది?"

"నేనేనన్నా. ఒక బస్సు మనుషులు నా వల్ల పోవాల్సింది. అది జరిగినట్టు కూడా నాకు తెలీదు." తన చేతుల వైపు చూసుకున్నాడు. "ఇంగేం తోలేది?"

శ్రీనివాసులు ఆయన కాలి మీద తట్టి, సరేనని తలూపి వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా ఆసుపత్రి తిండి వచ్చింది. అన్నం, పప్పు, చప్పిడి కూర. సుమలత పళ్లెం ఆయన ముందు పెట్టి, ప్రతి ముద్దా లోపలికి పోయేదాకా చూస్తూ కూర్చుంది. సగం తిన్నాక ఓబులేసు ఆగి ఆమె మొహంలోకి చూశాడు.

"నువ్వు పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా?"

లేదన్న సంగతి ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. ఓబులేసు పళ్లెం జరిపి, ఒక ముద్ద కలిపి, కట్టు కట్టిన ఆమె చేతికి శ్రమ లేకుండా నోటి దగ్గరికి తెచ్చి పట్టుకున్నాడు.